తీసిన పెంకు

గంటలో వచ్చేస్తానని చెప్పి చిట్టిరాజు ఫోను పెట్టేశాడు. ఉన్న పెంకులన్నీ దింపేసి స్లాబు వెయ్యాలో, విరిగినవి మార్చి పాత కప్పునే సర్ది వదిలెయ్యాలో ఈలోగా తేల్చి ఉంచమన్నాడు. బలిఘట్టంలో ఎవరింటి స్లాబుకో కట్టిన సెంట్రింగు చెక్కలు ఇవాళ ఊడదీస్తున్నారట, స్లాబంటే ఆ సామానంతా పొద్దున్నే ఇటు తోలించేస్తాడట, కాదంటే అది ఇంకొకరి ఇంటికి పోతుంది, ఇక వానలు వెనకబట్టాకనే. మేస్త్రీలందరూ ఇంతే, మాట తీసుకునేదాకా గుమ్మం వదలరు, తీసుకున్నాక కనబడరు. మన్మథరావు ఫోను చొక్కా జేబులో పడేసుకుని మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. ఇవాళ ఆటో తియ్యలేదు. నాతవరం వెళ్ళేవాళ్ళు వేరే ఆటోలు ఎక్కి వెళ్ళిపోయి ఉంటారు, తను రాలేదని ఏ ఒక్కరూ రోడ్డు మీద నిలబడిపోరు, అది తెలుసుకోడానికి ఇన్నేళ్ళు పట్టింది. తేల్చడానికి ఏముంది, నోట్లోంచి ఒక మాట రావాలి, అంతే కదా. ఆ మాట రాకుండానే వేసవి మొత్తం గడిచిపోయింది, మృగశిర కార్తె వచ్చి గుమ్మంలో కూర్చుంది. బయట ఎండ ఉన్నట్టే ఉండి వెలిసిపోతోంది, తాండవ ఏటి వైపు నుంచి మబ్బు లేస్తున్నట్టుంది, ఎక్కడో తడిసిన మట్టి వాసన ఇక్కడిదాకా వస్తోంది.

పడుకుంటే సరిగ్గా కళ్ళకెదురుగా అదే. పొగచూరిన వాసాలు, వాసాల మీద రీపర్లు, వాటి మీద బెంగుళూరు పెంకులు వరసగా, ఆ వరసలో ఒక్క పెంకు లేని చోట ఫ్లెక్సీ ముక్క. ఎవడో చోటా నాయకుడి పుట్టినరోజుకి అబీద్ సెంటర్లో కట్టిన ఫ్లెక్సీ, గాలికి చిరిగి ఆటో మీద పడితే తెచ్చి కప్పి ఇటికలు బరువు పెట్టాడు. ఏ వైపు కిందికి పెడుతున్నాడో అప్పుడు చూసుకోలేదు. ఏడాది బట్టీ ఒక కన్ను, సగం మీసం, నమస్కారం పెట్టిన చేతివేళ్ళు ఇంట్లోకి చూస్తున్నాయి. ఎండ పడితే నేల మీద పసుపుపచ్చ చదరం ఒకటి వెలుగుతుంది, భార్య నూకరత్నం మంచం ఉండిన చోటనే. ఆ మంచం తీసేశాక కూడా మన్మథరావు ఆ చోటు తొక్కడు, చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళతాడు, ఎవరైనా చూస్తుంటే ఏదో వెతుక్కుంటున్నట్టు నటిస్తాడు. పెంకు ఎక్కడికీ పోలేదు, తలుపు మూల గోడకి చేర్చి ఉంది, గుర్రం బొమ్మ అచ్చు పైకి కనబడుతూ. ఒక్క పెంకు, నిచ్చెన ఎక్కి పెడితే అయిపోయే పని. తీసిందీ తనే. భార్య పోయిన రోజున తీశాడు, మళ్ళీ వెయ్యలేదు. ఇప్పుడు చిట్టిరాజు వచ్చి రిపేరా స్లాబా అని అడుగుతాడు. రిపేరంటే మొదట వెయ్యాల్సింది ఆ పెంకే, అది ఇంకొకడి చేత వేయించలేడు. స్లాబంటే మిగతా పెంకులతోబాటు ఆ ఖాళీ కూడా పోతుంది, ఖాళీ పోతే అక్కడ జరిగింది పోతుందా, పోకపోతే ఎక్కడ ఉంటుంది.

ఏడాది నుంచీ చెప్పుకోడానికి ఒక సాకు ఉండేది. ఏటిసూతకం, ఇంటి మీద చెయ్యి వెయ్యకూడదు అనేవాడు, అందరూ తలూపేవారు. సూతకం వెళ్ళిపోయింది, సంవత్సరీకానికి పిలిచిన వాళ్ళూ పిలవని వాళ్ళూ వచ్చి తిని కప్పు వంక చూసి, ఇంక స్లాబు ఏసీరా అని చేతులు కడుక్కుని వెళ్ళారు. వాళ్ళకేం. అందరికీ స్లాబులే, మేడ మీద టాంకులే, సాయంత్రం అయితే మేడల మీదికెక్కి ఈ ఇంటి పెంకుల్ని పైనుంచి చూస్తారు, నెత్తి మీద పుండుని చూసినట్టు. నూకరత్నం ఉన్నప్పుడు వాళ్ళకి సమాధానం చెప్పేది. చెప్పడమేమిటి, ఎదురు ప్రశ్న వేసేది, మీ మేడ మీద పడుకోడానికేనా, కింద పడుకోలేకనా అని. కానీ మనిషి ఒక మాట మీద నిలబడేది కాదు. వాన పడితే స్లాబు, ఎండ పడితే పెంకు. శ్రావణంలో గిన్నెలన్నీ నేల మీద పరిచి, బావా, నా పీనుగైనా స్లాబింట్లోంచి లేస్తాదా అని దెప్పేది, వైశాఖంలో పక్కింటి స్లాబు కింద ఒక పూట కూర్చుని వచ్చి, ఆవంలో కుండల్లా ఉడికిపోతన్నారు ఆళ్ళు, మనిల్లే నయం అని నేల మీద చల్లగా దొర్లేది. ఆ గిన్నెలు. మబ్బు పడితే చాలు, తల ఎత్తి చూసేది కాదు, ఇక్కడ సత్తు డేగిసా, అక్కడ ఇత్తడి చెంబు, గడప దగ్గర చాట మీద పాత గుడ్డ, చినుకు పడకముందే ఎక్కడ కారుతుందో అక్కడ గిన్నె ఉండేది. ఒక రాత్రి చీకట్లో లేచి పెడితే తెల్లారి చూశాడు, ఒక్క చుక్క నేల మీద పడలేదు. ఇంటి ఒళ్ళంతా తెలుసు ఆమెకి. మన్మథరావు అనే పేరు చూసి ఒప్పుకున్నాను, మొహం తర్వాత సూపించేరు అని అందరి ముందూ నవ్వేది, ఏడో తరగతిలో మేష్టారు అదే పేరు మీద ఇంకో రకంగా నవ్వాడు, ఆ నవ్వుకి బడి మానేశాడు, ఈ నవ్వుకి ఇల్లు పట్టుకుని ఉన్నాడు, రెండూ ఒకే పేరు మీద.

కూతురు సత్యశ్రీ పొద్దున మళ్ళీ ఫోను చేసింది. గాజువాకలో ఆమె ఇంట్లో ఏ గదిలోకి వెళ్ళి మాట్లాడినా ఫోనులో ఫాను చప్పుడు వినిపిస్తుంది. చంటిదాన్ని తీసుకుని రానంటోంది. సంవత్సరీకానికి వచ్చినప్పుడు పిల్లని పడుకోబెట్టిన దుప్పటి పక్కన పైనుంచి తేలు పడింది, దాన్ని చెప్పుతో కొట్టింది మన్మథరావే, కొట్టి, పెంకుటింట్లో ఇవి మామూలే అన్నాడు, అనకుండా ఉండాల్సింది. అమ్మ ఉండుంటే ఈ కప్పు కింద పాపని పడుకోనిచ్చేదా నాన్నా అంది. ఏమో, అమ్మ ఉండుంటే రాత్రంతా పాప పక్కన కూర్చుని కప్పు వంకే చూసేది. కూతురికి తెలియంది ఒకటుంది. ఆమె గాజువాకలో బస్సు ఎక్కి దారిలో ఉండగానే తల్లి పోయింది, నిద్దట్లో పోయిందమ్మా అని చెప్పారు, చెప్పింది తనే. నిద్దట్లో పోలేదు. మెలకువగా ఉంది, మాట్లాడింది కూడా, స్పష్టంగా మాట్లాడింది. ఆ మాట ఇద్దరే విన్నారు, మన్మథరావు, వీధిలో రెండు గుమ్మాల అవతల ఉండే సోమలమ్మ పెద్దమ్మ. ఏడాదిగా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు, ఆ మాట ఎత్తరు.

పెద్దాసుపత్రిలో ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు, తెచ్చాడు, ఆటోలోనే తెచ్చాడు, అంతదూరమూ గోతులు తప్పిస్తూ నడిపాడు, ఆ ఒక్క రోజు నడిపినట్టు ఎప్పుడూ నడపలేదు. ఇంటికొచ్చాక పోతుందనుకున్న మనిషి పోలేదు. రోజులు గడిచాయి. నీళ్ళు గుటక పడటం మానేసింది, చూపు నిలిచిపోయింది, ఊపిరి మాత్రం లోపల ఎక్కడో గీసుకుంటూ తిరిగేది, మూలిగేది, ఆ మూలుగు వంటింట్లోకి వచ్చేది, నూతి దగ్గరికి వచ్చేది, ఆటో స్టార్టు చేసినా దాని చప్పుడులోంచి వచ్చేది. ఆరోజు సోమలమ్మ నోట్లో అడ్డచుట్ట పెట్టుకుని వచ్చి, నిప్పు లోపలికి పెట్టి కాల్చే చుట్ట, మంచం పక్కన నిలబడి చాలాసేపు చూసి, పెంకు తియ్యరా అంది. వాళ్ళ ఇళ్ళలో అలవాటే. ప్రాణం కొట్టుకుంటూ వెళ్ళలేకపోతుంటే మంచానికి సూటిగా పైన ఒక పెంకు తీసి దారి ఇస్తారు, పెద్దదినం నాడు తీసినవాడే మళ్ళీ వేసేస్తాడు. మన్మథరావు తండ్రికి కూడా తీశారు. అప్పుడు నూకరత్నం కొత్త కోడలు, అందరూ నోరెత్తడానికి జంకుతుంటే ఆమే అంది, మావయ్య కష్టపడతన్నాడు, పెంకు తియ్యండి అని, నిచ్చెన కూడా తనే పట్టుకుంది. అంటే ఆమెకి తెలుసు. పెంకు తీస్తే ఏమిటో, ఎందుకు తీస్తారో, ఎవరి కోసం తీస్తారో బాగా తెలుసు. అదే, అక్కడే మన్మథరావు బుర్ర ఏడాదిగా ఆగిపోతోంది, గోతిలో పడ్డ చక్రంలాగ అక్కడే తిరుగుతోంది.

ఎక్కాడు. విరగకుండా వాసాల మీద కాలు పెట్టుకుంటూ వెళ్ళి, మోకాళ్ళ మీద కూర్చుని, పెంకు పైకి జరిపి లాగాడు. పెంకంత ఎండ ఇంట్లో పడింది. కిందికి చూస్తే ఆమె మొహం ఒక్కటే, చుట్టూ అంతా చీకటి, ఎండలో మొహం ఒక్కటే. ఆ మొహం మీద ఎండ పడి ఎన్నాళ్ళయిందో. నిలిచిపోయిన కళ్ళు కదిలాయి. వెతికాయి. పైన తనని పట్టుకున్నాయి. మూలుగు ఆగింది. జ్వరం తగ్గి లేచిన మనిషిలాగ, పొద్దున్నే పనుల మీద లేచిన మనిషిలాగ మామూలు గొంతుతో అంది.

"బావా, మబ్బేసింది. వానొస్తాది. ఆ పెంకు ఏసెయ్."

పెంకు చేతిలోనే ఉంది. కింద సోమలమ్మ గొంతు, "ఎయ్యకురా, ఒగ్గీ." అతను వెయ్యలేదు. అలా మోకాళ్ళ మీదే ఉండిపోయాడు, పెంకు ఒళ్ళో పెట్టుకుని, ఎంతసేపో తెలీదు, ఆమె చూస్తూనే ఉంది, అతను చూస్తూనే ఉన్నాడు, మళ్ళీ అడగలేదు. అడిగుంటే వేసేవాడా. మబ్బు నిజంగానే వచ్చింది, వీపు మీద ఎండ చల్లారింది, మొదటి చినుకు తన మెడ మీద పడింది, రెండోది ఆ కంతలోంచి దిగి ఆమె నుదుటి మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. కళ్ళు మూసుకుంది. అంతే. సోమలమ్మ కింద ఏడుపు ఎత్తుకున్నాక కూడా చినుకులు పడుతూనే ఉన్నాయి, మొహం మీద, గొంతు మీద, పక్క మీద, ఎప్పుడూ ఒక్క చుక్క నేల మీద పడనివ్వని మనిషి తడిసిపోయింది. ఆమె కింద పెట్టడానికి ఆరోజు ఏ గిన్నే లేదు.

ఏమని అంది. ఇల్లు తడుస్తుందని అందా, అది ఆమె అలవాటు, పాతికేళ్ళుగా మబ్బు పడితే అనే మాటే. లేకపోతే పెంకు తీశారని చూసి, ఎందుకు తీశారో తెలిసి, నన్ను పంపించెయ్యకు బావా అని అందా. రెండూ ఒకే మాట. ఏ వైపు నుంచి చూసినా అదే మాట, అదే గొంతు. ఆటో నడుపుతుంటే ఒకలాగ వినిపిస్తుంది, అన్నం కలుపుకుంటుంటే ఇంకోలాగ. రిపేరు చేయించి ఈ కప్పు ఇలాగే ఉంచితే ఆ మాట ఇక్కడే ఉంటుంది, రోజూ వినాలి. తీసేస్తే ఆమె వెళ్ళిన దారి తన చేత్తో పూడ్చేసినట్టు ఉంటుంది. సత్యశ్రీ వస్తే, చంటిది ఈ నేల మీద పాకుతూ ఆ పసుపు చదరం దగ్గరికి వెళ్ళి చేత్తో పట్టుకోబోతే, అప్పుడు ఏం చెయ్యాలి.

గుమ్మంలో దగ్గు. సోమలమ్మ పెద్దమ్మ. చినుకు పడేలా ఉంటే ఆమె తన ఇంట్లో కూర్చోదు, ఇక్కడికి వచ్చి అరుగు మీద కూర్చుంటుంది, కొడుకు వేసిన స్లాబు మీద ఆమెకి అంత కోపం. మేస్త్రీ వస్తున్నాడని వీధిలో అప్పుడే తెలిసిపోయింది.

"స్లాబేనేటి?"

"ఏటో పెద్దమ్మా."

"ఎయ్యకురా బాబూ. మా ఓడు ఏసీసాడు కదా, సూడు నా బతుకు. నాకు ముంచుకొస్తే నన్నిక్కడికి మోసుకొచ్చీ. ఆ స్లాబు కింద నా పేనం ఎటు పోద్ది? మా ఓడేటంటాడో తెల్సా, బాత్రూంలో ఫేను కంతుంది కదా, అందులోంచి పో అంటాడు."

తనే నవ్వింది. మన్మథరావు నవ్వలేదు. ఇదీ సంగతి, ఈ వీధికంతటికీ చావడానికి తన ఇల్లు ఒకటి మిగిలింది, అందుకే దీన్ని ఉంచమంటున్నారు, బతకడానికి మాత్రం అందరికీ స్లాబులు కావాలి. ఈ మాట పైకే అనబోయాడు. కానీ నోట్లోంచి వేరే మాట వచ్చింది, ఏడాదిగా నాలిక కింద దాచుకున్నది, వచ్చాక గానీ వచ్చిందని తెలీలేదు.

"అది పెంకు ఏసెయ్యమంది. నువ్వూ ఇన్నావు."

ముసలిది చుట్ట నోట్లోంచి తీసింది. తిప్పి నిప్పు వైపు చూసింది.

"ఇన్నాను."

"మరెందుకు ఒద్దన్నావు?"

"సూళ్ళేకపోయాన్రా. దానికి బతకాలనే ఉంది, బతకాలని ఒవులికుండదు, దాని ఒళ్ళు ఒప్పుకోలేదు." గొంతు పెంచకుండానే అంది, "నానొద్దన్నాను సరే. పెంకు నీ సేతిలోనే కదా ఉంది."

మన్మథరావు లేచి కూర్చున్నాడు. మళ్ళీ పడుకున్నాడు. ఆమె చుట్ట మళ్ళీ నోట్లో పెట్టుకుని వీధివైపు తిరిగింది, ఒకరి మీద ఒకరికి కోపం రాదు, వస్తే బాగుండును. ఇన్నాళ్ళూ ఈ ముసలిదే అనుకున్నాడు, అలవాటే అనుకున్నాడు, తాత ముత్తాతల మీదికి కూడా తోశాడు. చేతిలోనే ఉంది. బరువుగా, ఎండకి కాలిన పెంకు, వేళ్ళకి తగిలిన గుర్రం అచ్చు. ఒక్క జానెడు కిందికి జరిపితే అయిపోయేది. ఎందుకు జరపలేదు. నిద్ర. అవును, నిద్ర లేక. ఆ మూలుగు ఆగిపోయిన క్షణాన ఒంట్లోకి వచ్చిన సుఖం తనకి తెలుసు, మెడ నరాలు వదులైన సంగతి తెలుసు, ఇంక చాలు, అయిపోనీ అనిపించింది, ఎవరికి కష్టం అయిపోవాలనుకున్నాడు, ఆమెదా, తనదా. ఆ రాత్రి అంతమంది ఏడుపుల మధ్య గోడకి జారబడి చచ్చినట్టు నిద్రపోయాడు. సత్యశ్రీ వచ్చి లేపితే గానీ లేవలేదు. పాపం నాన్న అలిసిపోయాడు అన్నారు అందరూ.

గదిలో వెలుగు తగ్గింది. నేల మీద పసుపు చదరం కూడా సన్నగా వణికి ఆరిపోయింది, మబ్బు పూర్తిగా పట్టేసింది. స్లాబుకి పెంకు ఉండదు. ఎవరూ తియ్యమనరు, తియ్యకు అనరు, పైన కూర్చుని కిందికి చూసేవాడు ఉండడు, ఎవరి చేతిలోనూ ఏమీ ఉండదు. ఉండేవాళ్ళు ఉన్నన్నాళ్ళు ఉంటారు, వెళ్ళేవాళ్ళు తమంతట తాము వెళతారు, గుమ్మంలోంచే వెళతారు. ఈ ముసలిది తిట్టుకోనీ. ఉడికిపోతే ఉడికిపోనీ, చంటిది ఉడికితే విసనకర్రతో విసరొచ్చు, తేలు పడితే ఏం విసురుతాం. ఇంత చిన్న సంగతి తేలడానికి ఇంతసేపా. కానీ అది రేపు. రేపు పొద్దున. వాన ఇవాళే వచ్చేలా ఉంది.

లేచి, మొదటిసారి ఆ చదరం ఉండే చోటు మీదుగానే నడిచి, తలుపు మూలకి వెళ్ళి పెంకు తీసుకున్నాడు. దాని వెనక సాలెపురుగు గూడు కట్టింది, లుంగీతో తుడిచాడు. పెరట్లో నిచ్చెన చూరుకి ఆనించాడు. మోకాళ్ళు పోయినేడాది కన్నా పాడయ్యాయి, ఒక చేత్తో పెంకు, ఒక చేత్తో నిచ్చెన, మెట్టు మెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. వాసాలు ఎక్కడున్నాయో కాళ్ళకి గుర్తున్నాయి. ఇటికలు తీసి పక్కన పెట్టాడు. ఫ్లెక్సీ లాగితే గాలికి ఎగిరి సోమలమ్మ కొడుకు మేడ మీద పడింది, ఆ సగం మొహం అక్కడ ఎవరికి నమస్కారం పెట్టుకుంటుందో పెట్టుకోనీ. కంతలోంచి కిందికి చూశాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు. నేల. వాన మరకలు పడ్డ సిమెంటు నేల, ఇంకేమీ లేదు, ఎవరూ లేరు. అయినా కాసేపు ఆగాడు, ఎవరైనా ఏదైనా అంటారేమోనన్నట్టు. తర్వాత పెంకు పై వరస కిందికి దూర్చి, కింది పెంకు మీదికి జార్చి కూర్చోబెట్టాడు. టక్కుమని చిన్న చప్పుడు. ఇంటి లోపల చీకటి పడిపోయింది.

కింద బండి ఆగింది. చిట్టిరాజు హెల్మెట్ తీసి చూరు పైకి చూస్తున్నాడు.

"ఏటి మావా, రిపేరుకే డిసైడైపోయేవేటి?"

"లేదు. స్లాబే. పొద్దున్నే బేగి వచ్చి దింపించీ."

చిట్టిరాజుకి అర్థం కాలేదు. నిచ్చెన వంక, పైన మనిషి వంక, అరుగు మీద చుట్ట కాలుస్తూ మొహం తిప్పుకున్న సోమలమ్మ వంక చూశాడు. "రేపు పీకీసీ కొంపకి ఇప్పుడా పెంకేటి మావా? పడితే నడుం ఇరుగుద్ది. దిగు."

"వానొస్తాదని సెప్పింది."

"ఒవులు, టీవీలోనా?"

మన్మథరావు దిగలేదు. పెంకు మీద అరచెయ్యి ఆనించి అలాగే కూర్చున్నాడు. చినుకులు మొదలయ్యాయి, మెడ మీద, వీపు మీద, ఆ చేతి మీద. చిట్టిరాజు కింద నిచ్చెన పట్టుకుని దిగమని పిలుస్తున్నాడు. అతను మాత్రం వేళ్ళ సందుల్లోంచి జారుతున్న నీళ్ళని చూస్తున్నాడు, ఆ పెంకు మీద నుంచి కింది పెంకు మీదికి, అక్కడి నుంచి ఇంకో దాని మీదికి, చూరు దాకా, ఒక్క చుక్క లోపలికి పోకుండా.